ఆటకు పంచాంగం రాసిన మా సార్

మా సార్ చనిపోయారన్న కబురు నాకు ఫోన్‌లో ఒక బొమ్మగా వచ్చింది. సార్ ఫోటో, దాని చుట్టూ కంప్యూటర్‌లో అతికించిన బంతిపూల దండ, కింద "మా గురువుగారికి అశ్రునివాళి" అన్న అక్షరాలు. మేమంతా కలిసి ఒక కంప్యూటర్ ఆట తయారుచేసిన రోజుల్లో పెట్టుకున్న గ్రూపులో ఆ బొమ్మ వచ్చింది. ఆ గ్రూపులోంచి సార్ ఏడాది కిందటే బయటికి వెళ్లిపోయారు. ఎందుకు వెళ్లిపోయారో ఆ బొమ్మ పెట్టిన మనిషికి అందరికంటే బాగా తెలుసు.

నేను ప్రొద్దుటూరులో ఒక బట్టల హోల్‌సేల్ అంగడిలో కంప్యూటర్ పని చేస్తాను. బయటికొచ్చి సార్ భార్యకు ఫోన్ చేశాను. ఆమె వెంటనే ఎత్తింది.

"ఔను పాపా. నిన్న పోయినాడు. కోయిలకుంట్లకు తీసకపోతాండాము. వచ్చేటట్టుంటే రా."

గొంతులో ఏడుపు లేదు. ఊరికి ఏ బస్సు దొరుకుతుందో కూడా ఆమే చెప్పింది.

పోయినవాళ్ల గురించి మంచే రాయాలంటారు. సార్ గురించి రాయడానికి నా దగ్గర మంచి చాలా ఉంది. కానీ ఆయన సంస్మరణ సభలో విన్న మంచి మాటల తరువాత, నాకు ఆ రకం మాటల మీద నమ్మకం పోయింది. అందుకని జరిగింది జరిగినట్టు చెబుతాను.

సార్ కడపలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో కంప్యూటర్ పాఠం చెప్పేవారు. పొట్టి చేతుల చొక్కా, దాని జేబులో ఎప్పుడూ పుట్నాలు. పాఠం మధ్యలో రెండు గింజలు నోట్లో వేసుకుని, మేము రాసిన ప్రోగ్రాము తప్పు ఎక్కడుందో వెతికేవారు. ల్యాబులో ఆయన కూర్చునే కీబోర్డును తిరగేసి తడితే పుట్నాల పొట్టు రాలేది. తిరుగుతున్న ఫ్యాను కాస్త మెల్లబడితే చాలు, చెబుతున్న మాట ఆపి "సేవ్ చేయండప్పా, కరెంటు పోతాది" అని కేక వేసేవారు. కోపం ఎక్కువ. ప్రోగ్రాములో ఒక్కోదానికి అర్థమయ్యే పేరు పెట్టకుండా రాస్తే, "నీకు మీ అమ్మ నాయన 'అది' అని పేరు పెట్టింటే ఒప్పుకుంటాంటివా?" అని అందరి ముందే అడిగేవారు. మా నాయన పరుపులు కుట్టేవాడు. ఫీజు కట్టి చదివిస్తున్న ఆ చదువు నాకు ఎందుకు పనికొస్తుందో నాకే తెలియని రోజుల్లో, ఆ తిట్లలో నాకు ఒక గౌరవం కనిపించేది. నేను రాసింది ఒకరు చివరి వరస దాకా చదువుతున్నారని అర్థం కదా.

డిగ్రీ అయిపోయాక ఆట తయారుచేద్దామన్నది మా సీనియర్. అప్పటికే అతనికి బెంగళూరులో ఉద్యోగం. ఆట అంటే తుపాకులు, కార్లు కాదు. ఆడేవాళ్లు ఎర్ర పావడా కట్టిన ఒక అమ్మాయి పాత్రలోకి వెళతారు. ఆమెకు ఒక ఊరు, కొంచెం మెట్టపొలం ఉంటాయి. పైరు పెట్టుకోవాలి, సంతకు పోవాలి, ఊళ్లో మనుషులతో మాట్లాడాలి, వాళ్ల తగవులు తీర్చాలి, తప్పిపోయిన వాళ్లను వెతకాలి. ఇలాంటి ఆటలకు పునాదిగా ఉచితంగా దొరికే ఒక ప్రోగ్రాముల సరంజామా తీసుకుని దానిమీద పని మొదలుపెట్టాం. ఎవరికీ జీతం లేదు. సార్ పాత విద్యార్థులం కొందరం ఆదివారాలు ఆయన ఇంట్లో కూర్చునేవాళ్లం, సీనియర్ ఫోన్‌లో కలిసేవాడు.

మొదటి రోజే సార్ అన్నారు: "నాకు బొమ్మలెయ్యడం రాదు, కతలు చెప్పడం రాదు. దీనికి పంచాంగం నేను రాస్తా."

ఆటలో పంచాంగమంటే గోడకు వేలాడే క్యాలెండర్ కాదు. ఆ అమ్మాయి పడుకుని లేస్తే ఒక రోజు గడుస్తుంది. గడిచిన రోజును బట్టి చంద్రుడు మారాలి, ఎండ మారాలి, పైరు ఎదగాలి, సంత రోజైతే జనం రావాలి. ఆటలో ప్రతిదీ ఇవాళ ఏ రోజని పంచాంగాన్నే అడుగుతుంది. ఆ పంచాంగాన్ని ఒక్కో వరస ప్రోగ్రాముగా రాయాలి. మేము తెచ్చుకున్న సరంజామాలో అప్పటికే ఒక క్యాలెండర్ ఉంది. నాలుగు ఋతువులు, చివరి ఋతువులో మంచు. సార్ చేసిన మొదటి పని ఆ మంచును తీసేయడం.

"మంచు ఏందప్పా మన ఊర్లో? ఎవురు చూసినారు?" అన్నారు. ఆ తరువాత మెల్లగా మన నెలలు వచ్చాయి, తిథులు వచ్చాయి, కార్తెలు వచ్చాయి. నేను నెలల పేర్లు రాసిపెట్టి, తేదీలు సరిగ్గా మారుతున్నాయని సంబరపడితే నెత్తిన మొట్టినంత పని చేశారు. "తేదీ ఎవడైనా మారుస్తాడు పాపా. తేదీ మారితే ఊరికి ఏమైతాదో అది రాయాల." ఆయన మాటల్లో నాకు బాగా గుర్తున్నది ఇదే.

ఒక ఆదివారం ఆటను చాలా ఏండ్లు ముందుకు పరుగెత్తించి చూస్తున్నాం. ఉగాది వచ్చింది. ఊళ్లో తోరణాలు కట్టారు. సార్ కుర్చీలోంచి లేచి తెర దగ్గరికి పోయారు.

"వేపచెట్టు చూడు. పూత యాడ?"

చెట్టు బోసిగా ఉంది. చంద్రుడి నెలలు పన్నెండు కలిపితే ఎండాకాలం నుంచి ఎండాకాలం దాకా సరిపోవు. ఏటేటా కొన్ని రోజులు తరుగుతాయి. ఆ తరుగు పోగై ఉగాది చలికాలంలోకి జారిపోయింది. అధికమాసం సంగతి మేమెవరం తలుచుకోలేదు.

"వేపపూత లేని ఉగాది యాడన్నా ఉంటాదా? పచ్చడి దేంతో చేస్తారు వాళ్లు?" అని సార్ నిజంగానే అరిచారు, ఆ ఊరివాళ్లు మా ఎదురుగా నిలబడి ఉన్నట్టు. లోపలి నుంచి సార్ భార్య టీ గ్లాసులతో వచ్చింది. ఆమెది ఆలూరు. "దుడ్లు రాని పనికి ఇన్ని అరుపులేంది?" అంటూ గ్లాసు ఆయన చేతికిచ్చి పోయింది. సార్ ఆ టీ చల్లారిపోయేదాకా తాగలేదు. అధికమాసం ఎప్పుడు వేయాలో తేల్చి, మళ్లీ పరుగెత్తించి, చెట్టు మీద తెల్లటి పూత కనిపించాక ఒక్క గుక్కలో తాగేశారు.

ఇంకోసారి నన్నడిగారు, మా ఇంట్లో రంజాన్ నెల మొదలైందని ఎలా తెలుసుకుంటామని.

"మిద్దె ఎక్కి చూస్తాం సార్. నెలవంక కనపడితే మొదలు."

"మబ్బు పడితే?"

"ఎవరో ఒకరు యాడో ఒకచోట చూసినామని చెప్పేదాకా కాచుకుంటాం. ఎవరికీ కనపడకపోతే మరుసటి రోజే."

సార్ ముఖం వెలిగిపోయింది. ఆటలో మా లాంటి వాళ్ల వీధి ఒకటి ఉంది. ఆ వీధికి నెల ముందుగా తేలకుండా రాశారు. ఆ సాయంత్రం ఆటలో మబ్బుంటే నెలవంక కనపడదు, పండుగ మరుసటి రోజుకు జరుగుతుంది. మిద్దెల మీద జనం ఎక్కి పడమటివైపు చూస్తూ నిలబడతారు. ఒకే ఊళ్లో రెండు రకాల కాలం నడిచేది, ఒకదానికొకటి అడ్డం రాకుండా. అలాంటి ఊరిని తెర మీదైనా చూడడం నాకు అదే మొదలు.

వాన దగ్గర గొడవ వచ్చింది.

సార్ వానను కార్తెలకు కట్టారు. ఏ కార్తెలో ఎంత ఆశ పెట్టుకోవచ్చో అంతే రాశారు. వాన వచ్చి తీరుతుందని ఎక్కడా రాయలేదు. కొన్ని ఏండ్లు బాగా పడేది. కొన్ని ఏండ్లు అదునులో పడక, పైరు ఎండిపోయాక పడేది. ఆట విడుదలకు ముందు కొంతమందికి ఆడమని ఇస్తే, వాళ్లు సీనియర్‌ను తిట్టిపోశారు. అతను ఆదివారం ఫోన్‌లో ఆ మాటే ఎత్తాడు.

"సార్, పొలం దున్నారు, మంచి విత్తనం వేశారు, కలుపు తీశారు. అన్నీ సరిగ్గా చేసినా పైరు పోయింది. వాళ్లు చేసిన తప్పేంటి సార్?"

"ఏ తప్పూ చెయ్యలే. నేను చెప్పేది గూడా అదే."

"అలా అయితే అది ఆట ఎలా అవుతుంది సార్? కష్టపడితే గెలవాలి కదా."

సార్ జేబులోంచి తీసిన పుట్నాలు మళ్లీ జేబులోనే వేసుకున్నారు. తరువాత, మాకెవరికీ ఎప్పుడూ చెప్పని సంగతి చెప్పారు. కోయిలకుంట్ల దగ్గర వాళ్లకు నల్లరేగడి పొలం ఉండేది. వాళ్ల నాయన ఒక ఏడు శనగ వేశాడు. మొలక ఎండిపోయింది. మళ్లీ వేశాడు, మళ్లీ పోయింది. అప్పటి నుంచి వచ్చినవాడల్లా ఆయనకు సలహా చెప్పేవాడే. తొందరపడి వేసినావని ఒకరు, ఆలస్యం చేసినావని ఒకరు.

"మా నాయన సచ్చిపోయేదాకా అదే ఆలోచన అప్పా. యాడ తప్పు చేసినానా, యాడ తప్పు చేసినానా అని. ఏ తప్పూ చెయ్యలేదు ఆయప్ప. వాన రాలేదు. అంతే. ఆ మాట ఆయప్పకు ఒక్కరు గూడా చెప్పలే."

"అర్థమైంది సార్," అన్నాడు సీనియర్.

అతనికి ఏం అర్థమైందో ఆట విడుదలైన రోజు తెలిసింది. మాకు చెప్పకుండా వాన భాగమంతా మార్చేశాడు. వారం వారం తప్పకుండా వాన. నెలవంక కోసం మిద్దెలెక్కే జనం లేరు, పండుగ రోజుకు ఒక గుర్తు, అంతే. సార్ రాసిన ఫైలులో ఆయన తెలుగులో రాసుకున్న వివరణలన్నీ చెరిపేసి పైన సీనియర్ తన పేరు పెట్టుకున్నాడు. ఆట చివర వచ్చే పేర్లలో, "ప్రత్యేక కృతజ్ఞతలు" అన్న చోట, మైకు అరువిచ్చిన ఒక స్నేహితుడి పేరు కింద మా సార్ పేరు ఉంది. అది కూడా ఇంటిపేరు తప్పుగా.

సార్ గొడవపడతారని నేను అనుకున్నాను. ఆయన ఆ ఆటను మొదటి నుంచి చివరి దాకా ఆడి, గ్రూపులోంచి బయటికి వెళ్లిపోయారు. నేను ఆయనకు ఫోన్ చేసి, సీనియర్‌ను నాలుగు మాటలు అడుగుదాం సార్ అంటే, "ఏం అడుగుతావు పాపా? వానికి వాన కావాల. తెప్పిచ్చుకున్నాడు," అన్నారు. ఆట బాగానే నడిచింది. జనం మెచ్చుకున్నారు. మన ప్రాంతపు కాలాన్ని ఆటలోకి తెచ్చిన యువకుడని సీనియర్‌ను ఎవరో ఇంటర్వ్యూ కూడా చేశారు. సార్ మాత్రం తన పాత ఆటనే ఇంట్లో ఉంచుకుని, సాయంత్రాలు ఏదో ఒకటి దిద్దుకుంటూ ఉండేవారు. కాలేజీలో ఆయనకు కంప్యూటర్ పాఠాలు తగ్గించి, పరీక్షల కాపలా పని ఎక్కువ చేశారు. కొత్త కోర్సులకు కొత్తవాళ్లు వచ్చారు.

ఆ పరీక్షల హాల్లోనే ఆయనకు నొప్పి వచ్చింది. ఛాతీలో నొప్పిగా ఉంది, ఎవరినైనా పంపమని అటెండరుతో కబురు పెట్టారు. ఎవరూ రాలేదు. మనుషులు తక్కువగా ఉన్నారట. గంట కొట్టేదాకా కూర్చుని, పేపర్లు వసూలు చేసి, కట్టకట్టి, సంతకం పెట్టి ఇచ్చి, అప్పుడు ఆటో ఎక్కారు. ఆస్పత్రి చేరేసరికి ప్రాణం లేదు. ఇది నాకు ఆ హాల్లో పరీక్ష రాసిన అమ్మాయి చెప్పింది. సార్ చొక్కా అంతా తడిసిపోయిందనీ, అయినా ఒక పిల్లవాడు అదనపు కాగితం అడిగితే లేచి తెచ్చిచ్చారనీ చెప్పింది.

కోయిలకుంట్లలో అంత్యక్రియలకు కాలేజీ నుంచి వచ్చింది ఒక పూలదండ. కర్మకాండలన్నీ అయ్యాక కాలేజీవాళ్లు సంస్మరణ సభ పెట్టారు. సార్ భార్యను కారు పంపి పిలిపించారు. వేదిక మీద కూర్చోమంటే ఆమె ఒప్పుకోలేదు. ముందు వరసలో నా పక్కన కూర్చుంది.

ప్రిన్సిపాల్ మాట్లాడాడు. ఒంట్లో బాగాలేకపోయినా చివరి నిమిషం దాకా విధి నిర్వహించిన మహనీయుడన్నాడు. నేటి అధ్యాపకులు ఆయనను ఆదర్శంగా తీసుకోవాలన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. ఏ మాటకు చప్పట్లు కొడుతున్నారో వాళ్లలో ఒక్కరికీ తట్టలేదా అని నేను చుట్టూ చూశాను.

తరువాత సీనియర్ మైకు అందుకున్నాడు. బెంగళూరు నుంచి దానికోసమే వచ్చాడు. అతని స్నేహితుడు ఫోన్ పట్టుకుని వీడియో తీస్తున్నాడు. సార్ లేకపోతే నేను లేనన్నాడు. కళ్లు తుడుచుకున్నాడు. "సార్ ఎప్పుడూ నాతో ఒక మాట అనేవారు. ఆట ఆడేవాళ్లను నిరాశపరచకూడదు, కష్టపడినవాడికి ఫలితం చూపించాలి అని. ఆ మాట మీదే మా ఆట నిలబడింది."

నా పక్కన కుర్చీ కదిలింది. సార్ భార్య లేచి నిలబడింది.

"ఆ మాట ఆయన అనలేదప్పా."

హాలంతా తిరిగి చూసింది. సీనియర్ మైకు కొంచెం దించాడు. "అక్కా, మీరు బాధలో ఉన్నారు. కూర్చోండి."

"బాధలోనే ఉండా. అందుకే చెప్తాండా. నువ్వు వాన మార్చినప్పుడు ఆయన అన్నం తినకుండా కూచుంటే పక్కన ఉండింది నేను. నీకు కావాల్సింది నువ్వు చేసుకున్యావు. చేసుకో. సచ్చిపోయిన మనిషి నోట్లో నీ మాట పెట్టొద్దు."

అతను ఏదో అనబోయాడు. ఆమె అప్పటికే ప్రిన్సిపాల్ వైపు తిరిగింది. "సార్, నొప్పిగా ఉండాదని ఆయన మీకు కబురు చెప్పి పంపినాడంట గదా. ఒక మనిషిని పంపింటే..." అని ఆగిపోయింది. నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను.

మైకు దగ్గరున్న లెక్చరర్ గబగబా ముందుకొచ్చి, "ఇప్పుడు అందరం లేచి రెండు నిమిషాలు మౌనం పాటిద్దాం" అన్నాడు. అప్పటికే ఎవరూ మాట్లాడటం లేదు. కుర్చీల చప్పుడుతో అందరూ లేచారు. ఆ రెండు నిమిషాలూ పూర్తిగా అయ్యాయని నేను అనుకోను. వెనక నుంచి టిఫిన్ పొట్లాల వాసన వస్తోంది, పిల్లలు అటువైపు కదిలారు. ఆమె పొట్లం తీసుకోలేదు, కారు ఎక్కలేదు. మేమిద్దరం ఆటోలో ఇంటికి పోయాం. మరుసటి రోజు సీనియర్ తన ప్రసంగం వీడియో పెట్టాడు. "నిలబడింది" అన్న మాట దగ్గర వీడియో అయిపోయింది. కింద వందలమంది చేతులు జోడించారు.

ఇదంతా ఇక్కడ రాస్తే ఏమవుతుందని మా ఇంట్లో అడిగారు. ఏమీ కాదు. ఆ ఆటలో వారం వారం వాన పడుతూనే ఉంటుంది, ఆ కాలేజీలో పరీక్షలు జరుగుతూనే ఉంటాయి. ఆయన అనని మాట ఆయన పేరు మీద ఉండిపోకూడదు, నాకు కావాల్సింది అంతవరకే.

కొన్ని వారాలకు సార్ భార్య ఫోన్ చేసింది. "పాపా, ఆయన ఆట నాకొకసారి చూపిస్తావా? ఇన్నేండ్లు టీ ఇచ్చి పోయినానే గానీ, కూచోని చూసిందే లేదు."

ఆదివారం మధ్యాహ్నం పోయాను. సార్ కంప్యూటర్ మీద తువ్వాలు కప్పి ఉంది. అది తీసి, ఆయన చివరగా దిద్దిన ఆటను తెరిచాను. ఆమె కుర్చీ అంచున కూర్చుంది. ఎటు నొక్కితే అమ్మాయి ఎటు నడుస్తుందో చూపించాను. ఒక్క వేలితో నొక్కుతూ ఆమె ఆ అమ్మాయిని ముందు గోడకు గుద్దించింది, తరువాత గేదెకు. కొంచెంసేపటికి దారి చిక్కింది.

"ముందు విత్తనాలు కొనాల గదా," అని బజారు వైపు నడిపించింది.

బజారులో జనం లేరు. విత్తనాల అంగడికి పలకల తలుపులు మూసి ఉన్నాయి. అమ్మాయి తలుపు తడితే తెర మీద అక్షరాలు వచ్చాయి: ఈరోజు అమావాస్య. అంగడి లేదు.

ఇది నేను కూడా ఎప్పుడూ చూడలేదు. మేమంతా వెళ్లిపోయాక సార్ రాసింది అయ్యుండాలి.

ఆమె ఆ అక్షరాలను పెదవులతో చదువుకుంది. "ఆలూరులో మా నాయన గూడా అమావాస్యకు అంగడి తెరిచేవాడు కాదు," అంది. "పలకలు గూడా ఇట్లాంటివే."

"ఇంటికి తీసుకుపోయి పడుకోబెట్టండక్కా. వెంటనే తెల్లారుతుంది. రేపు తెరుస్తారు," అన్నాను.

"వద్దులే. ఈడే కూచోనీ. కూచుంటాదా?"

ఏది నొక్కాలో చూపించాను. ఎర్ర పావడా అమ్మాయి అంగడి అరుగు మీద కూర్చుంది. ఆటలో ఎండ మెల్లగా తలుపుల మీంచి కిందికి జరుగుతోంది. ఇంటి బయట వీధిలో ఎవరో నీళ్ల మోటారు వేయమని పిలిచారు. సార్ భార్య లేవలేదు. చేతులు ఒళ్లో పెట్టుకుని, ఆ మూసిన పలకల వైపే చూస్తూ కూర్చుంది.